‘చెరలో ఏరు’ మీద నా మదింపు

నమోదు 1

ఈ ఏటి దిగుడాట పుస్తకం మదింపు కోసం పొద్దున, ఆట నడిపే మా శాఖలో, నా చేతికి వచ్చింది. పేరు ‘చెరలో ఏరు’. ఎనిమిది పేజీలు, ఒక పటం, మధ్యలో విడిగా పెట్టిన ఒక కాగితం. ధర రెండు బిళ్లలు. రెండు బిళ్లలకు సంతలో గుప్పెడు ఉల్లిగడ్డలు కూడా రావు కాబట్టి చవకనే అనాలి.

నీళ్ల వరుసలో నిలబడి చదివాను. వెనకున్న ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసి, “ఏం కథ మ్మే ఈసారి? దెయ్యాలా, దొంగలా?” అంది.

“చెప్పకూడదక్కా.”

“చెప్పాకులే. కిందికి దిగేదాని మాదిరే ఉండాదా, అది చెప్పు చాలు.”

మూత దగ్గర పడే కొద్దీ మా మీదంతస్తులో అందరికీ అదే ధ్యాస. ఎండలు ముదిరాక పైతలుపులు మూసేస్తారు. మళ్లీ తెరిచేది వానలకే. అంతవరకు కిందంతస్తులో ఉన్నవాళ్లు దుప్పటి కప్పుకుంటారు. మీదంతస్తులో ఉన్నవాళ్లు తడిగుడ్డ కప్పుకుని నాపరాళ్ల మీద బల్లుల్లా పడి ఉంటారు. ఎవరు దిగాలో తేల్చేది ఆట. ఆరిళ్లకు ఒక బల్ల, బల్లకు నలుగురు ఆటగాళ్లు. ఆరిళ్లూ కొన్న పుస్తకం పట్టుకుని శాఖ మనిషి కథ నడుపుతాడు. వీళ్లు పాత్రలై ఏం చేస్తారో చెప్పి పాచికలు వేస్తారు. ఇసుకగడియ ఖాళీ అయ్యేలోపు సగం పాత్రలన్నా ప్రాణాలతో కథ చివరికి చేరితే ఆ ఆరిళ్లూ దిగుతాయి. వెనకటి రోజుల్లో లంచాలతో, కొట్లాటలతో దిగేవారట. పాచికకు లంచం ఇవ్వలేం కదా అని పెద్దలు ఈ పద్ధతి పెట్టారని బడిలో చెప్పారు.

ఇక పుస్తకం సంగతి. జలగండి అనే మంత్రగత్తె ఒక ఏటిని కుండలో బంధించి కోటలో దాచింది. వేటగత్తె, కావలిమనిషి, వైద్యురాలు, దొంగ కలిసి నాలుగు గడపలు దాటి ఆ కుండను పగలగొట్టాలి. మొదటి గడపలో ఎముకల కుక్కలు. ఏటా ఏదో ఒక రూపంలో వచ్చే కుక్కలే. రెండో గడప కాసే రాక్షసుడు మాత్రం నాకు నచ్చాడు. కత్తి దూస్తే ఓడించడం కష్టం. అన్నం పెడితే ఏడుస్తాడు. వాడికి ఎన్నాళ్లుగానో ఎవరూ పెట్టలేదట. రాసినవాళ్లకు చెయ్యి తిరిగింది. అయిదో పేజీలో దీపాలు మూడని ఉంది, పటంలో రెండే గీశారు. దిద్దాలి. మొత్తానికి పొట్టి కథ, చురుకైన కథ. ఇంతవరకు ఫిర్యాదు లేదు.

నమోదు 2

ఇప్పుడు ఉంది.

ఈ రోజు శాఖలో మేమే బల్ల వేసి ఆడాం. ఇసుక ఇంకా చాలా మిగిలి ఉండగానే కుండ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆట నడిపిన మనిషిని కాబట్టి, మిగతావాళ్లకు కనబడని ఆరో పేజీ నా ముందు ఉంది. అది చూశాక నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

మూడో గడప దగ్గర రాతితలుపు, దానికి ఒక పిడి. ఆటగాళ్లు అక్కడికి రాగానే విడి కాగితాన్ని వాళ్ల చేతికివ్వాలి. మా శాఖలో దాన్ని ఆకు అంటారు. తలుపు మీద చెక్కిన రాత అందులో ఉంటుంది. మా పై అధికారి సుభాషిణి గారు దాన్ని అందుకుని, ఒక చూపు చూసి నవ్వి, “అందరం కూర్చుంటున్నాం” అన్నారు. తలుపు తెరుచుకుంది.

ఆకులో ఉన్నది ఇది: ‘పిడి ముట్టకండి. తలుపుకు వీపు ఆనించి కూర్చోండి.’

ఆరో పేజీలో ఉన్నది ఇది: ‘పిడి లాగితే నేల విడిపోతుంది. లాగినవారూ, పక్కనున్న ఇద్దరూ చనిపోతారు. పాచిక వేయనక్కర్లేదు. నడిపే మనిషి ఆకును చదివి వినిపించరాదు, భావం చెప్పరాదు.’

నలుగురిలో ముగ్గురు పోతే ఆ బల్ల ఓడినట్టే.

మా ఇంట్లో ఆకును ఎవరు చదువుతారు? మా వీధిలో ఎవరు చదువుతారు? మా తాతల కాలంలో ప్రతి గోడకూ ఒక పలుకుపెట్టె ఉండేది. ఏ కాగితం చూపించినా చదివి చెప్పేది. అక్షరాలు ఎందుకని అందరూ మానేశారు. తర్వాత కరెంటు చాలక పెట్టెలు ఆపేశారు. ఇళ్లలో అక్షరాలు దాచుకున్నది కొలువుల్లో ఉన్నవాళ్లే. మా అమ్మ మా పలుకుపెట్టెకు ఎల్లిపాయల జడ వేలాడదీస్తుంది. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. ఆటలు మొదలవకముందే బడిపిల్లలను బడితోపాటు కిందికి దింపేస్తారు కాబట్టి ఇన్నేళ్లూ మావాళ్ల బల్ల ఎలా ఓడిపోయిందో నేను కళ్లారా చూడలేదు. అడిగితే, “రాత బాగాలేదు మ్మే” అనేవాళ్లు.

కొట్టుగదికి వెళ్లి పాత పుస్తకాలు తీశాను. ప్రతి ఏడూ ఒక కొత్త కథ. ప్రతి కథలోనూ ఒక ఆకు. ప్రతి ఆకు దగ్గరా అదే వాక్యం, చదివి వినిపించరాదని.

నమోదు 3

సుభాషిణి గారితో మాట్లాడాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నది ఆవిడే. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

“ఒక్క మాట మార్చండి మేడం. ‘చదివి వినిపించరాదు’ తీసేసి ‘గట్టిగా చదివి వినిపించాలి’ అని పెడితే చాలు.”

“అచ్చుకు పేజీలు కట్టేశారమ్మా. ఒక అక్షరం పెరిగినా వాక్యం కిందికి జరుగుతుంది, పేజీ పెరుగుతుంది, ధర పెరుగుతుంది. చవకగా ఉండాలన్నది మీ వాళ్ల కోసమే కదా.”

నేను వెనక అట్ట తిప్పి చూపించాను. అక్కడ అధ్యక్షులవారి సందేశం ఉంది, బొమ్మతో సహా. “దీనికి చోటు ఎలా వచ్చింది?”

ఆవిడ పుస్తకం మూసి నెమ్మదిగా అన్నారు. “సుంకులూ, కింద అందరికీ చోటు లేదు. ఎక్కడో ఒక చోట వడపోత జరగాలి. ఆట అన్నాక కష్టం ఉండదా?”

“వడపోయాల్సింది పాచిక మేడం. ఆకు కాదు.”

“చదువుకోవద్దని ఎవరన్నా అన్నారా వాళ్లను?”

మీదంతస్తుకు బడి ఒకటే ఉందనీ, అందులో ఏడాదికి ఇద్దరిని మాత్రమే తీసుకుంటారనీ, ఆ ఇద్దరిలో ఒకదాన్నయి ఆవిడ ఎదురుగా నిలబడ్డాననీ నేను అనలేదు. ఆవిడకు తెలుసు.

ఆ తర్వాత చెప్పారు. పుస్తకాన్ని మీదంతస్తులో ఒక బల్ల ముందుగా ఆడి చూడాలి. అది వీధి వరుసన వస్తుంది. ఈ ఏడు మా వీధి వంతు, మా ఇంటి బల్ల. నడపాల్సింది నేను. ఆ బల్లకు అదే అసలు ఆట. నేను పుస్తకం మీద సంతకం పెట్టగానే ఫలితం ఖాయం. ఇంకెవరికైనా అప్పగించమన్నాను.

“నీ మీద నాకు నమ్మకముంది,” అన్నారు. “నేనూ వచ్చి కూర్చుంటాను.”

నమ్మకమున్న మనిషి వచ్చి కూర్చోవడం ఎందుకో అడగలేదు.

నమోదు 4

ఇంటికి వెళ్లేసరికి మా వదిన మద్దిలేటమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉంది. నెలలు నిండుతున్నాయి. పురుడు మూతలోనే వస్తుంది. అన్న పైతలుపుల దగ్గర పంపుల పనిలో ఉన్నాడు, మూత వేసేదాకా రాడు. అమ్మ విసనకర్రతో వదినకు ఒక విసురు, తనకు ఒక విసురు విసురుకుంటోంది. ఎండలు ఇంకా ముదరనే లేదు.

పోయిన మూతలో మా పక్క వీధిలో రెండు పురుళ్లు జరిగాయి. ఒక్క ఉయ్యాలే కట్టారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకుండా ఉండడానికి అందరూ వేరే మాటలు మాట్లాడుతూ ఉంటారు.

“ఈసారి నేను దొంగను,” అన్నాడు హుసేనప్ప చిన్నాయన. “పోయిన తూరి వైద్యుణ్ణి చేసినారు. ఒకరికీ నయం కాల్యా.”

పక్కింటి ఖాసింబీ నవ్వింది. “నువ్వు దొంగవైతే వేషం గూడా అక్కర్లేదప్పా. నా చెంబు యాడుండాదో రోంత చెప్పు.”

“ఆట నువ్వే నడుపుతావంట గదా,” అంది అమ్మ. నేను తలూపాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. అది చూడలేక నీళ్లు తాగడానికి లేచాను.

నమోదు 5

ఆట ఈ రోజు జరిగింది. వరుసగా రాస్తాను.

సుభాషిణి గారు మూలన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అమ్మ కావలిమనిషి, వదిన వేటగత్తె, ఖాసింబీ వైద్యురాలు, చిన్నాయన దొంగ. ఇసుకగడియ తిప్పాను. ఎముకల కుక్కలను వదిన రెండు పాచికలతో చెదరగొట్టింది. రాక్షసుడు అడ్డం వచ్చి గర్జించాడు, అంటే నేను గర్జించాను. పుస్తకంలో ఎదురయ్యే ప్రాణులందరి గొంతూ నడిపే మనిషిదే.

“పాపం, ఆకలి మీదుండాడు,” అంది అమ్మ. “ఆ అరుపు ఆకలి అరుపే. నా మూటలోది తీసి పెడతాండా.”

“వానికి పెడితే మనకేం మిగుల్తాది?” అన్నాడు చిన్నాయన.

“నువ్వు దొంగవు గదా, యాడన్నా దొంగిలించుకో,” అంది ఖాసింబీ.

రాక్షసుడు తిన్నాడు, ఏడ్చాడు, పిలిస్తే వస్తానన్నాడు, పక్కకు తప్పుకున్నాడు. శాఖ బల్లలో ఎవరూ అన్నం పెట్టలేదని రాసుకోవాలి. అందరూ కత్తే దూశారు.

మూడో గడప. రాతితలుపు, దాని పిడి ఎలా ఉందో చెప్పి, ఆకు అందించాను. చిన్నాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

“చెక్కడం బాగుండాది. ఏటా ఇస్తారు ఇట్లాంటిది.”

“చెక్కడం కాదప్పా, అది రాత,” అంది ఖాసింబీ.

“రాతైతే మనకేంటికిస్తారు? అలంకారం. కోట తలుపు గదా.”

ఇన్నేళ్లు మావాళ్లు ఆకును అలంకారం అనుకున్నారు. చూసి, మెచ్చుకుని, పక్కన పెట్టి, ఆ ఏటి ఉచ్చులో పడ్డారు. పాచిక కూడా వేయకుండా ఓడి, రాత బాగాలేదనుకుని ఇంటికొచ్చారు.

అమ్మ ఆకును నా ముందుకు జరిపింది. “సుంకులూ, ఏముందీంట్లో?”

“చెప్పకూడదు మ్మా.”

“నువ్వు బడికి పోయింది దేనికి మల్ల?”

మూలనున్న పీట కిర్రుమంది. నేను ఇసుకను చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆట రద్దు. మా ఆరిళ్లూ మీదనే. నోరు మూసుకున్నా మీదనే.

“ఇసక పోతాండాది,” అన్నాడు చిన్నాయన. “పిడి పట్టుకుంటాండా. పట్టుకుంటి. లాగు—”

“ఆగు మామా!” వదిన చెయ్యి అడ్డం పెట్టింది. “సుంకులూ, ఆ రాకాసోడు ఏడ్సేటప్పుడు ఏమన్యాడు? మీరు పిలిస్తే వస్తాననలా?”

“అన్నాడు,” అన్నాను. నాలుగో పేజీలో ఉంది. అన్నం పెట్టినవాళ్లు పిలిస్తే ఒక్కసారి వస్తాడు, అడిగిన పని ఒకటి చేస్తాడు.

“పిలుస్తాండా. వాడు ఈ కోటలోనే పుట్టి పెరిగినోడు. ఈ తలుపును దినమ్మూ చూసేటోడు. ఈడేం రాసుండాదో వానికి తెలీకుండా ఉంటాదా? సదవమను.”

సుభాషిణి గారు సగం లేచారు. అడ్డు చెప్పడానికి పుస్తకంలో ఏమీ లేదు. ప్రాణుల గొంతు నడిపే మనిషిదే. రాక్షసుడికి ఏమి వచ్చో ఏమి రాదో పుస్తకం ఎక్కడా చెప్పలేదు.

నేను ఆకు తీసుకున్నాను. రాక్షసుడి గొంతుతో, గోడలు అదిరేట్టు చదివాను. మా అమ్మకు నేను చదివి వినిపించిన మొదటి వాక్యాలు అవి. “పిడి ముట్టకండి! తలుపుకు వీపు ఆనించి కూర్చోండి!”

చిన్నాయన నిజంగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, వేలు కాలినట్టు.

నాలుగో గడప దగ్గర జలగండి విసిరిన మంచుబాకుకు దొంగ చచ్చాడు. పాచిక వేసే చచ్చాడు, న్యాయంగా. “అందరూ బతికి నేనొక్కన్నే పాయ,” అని మూతి ముడుచుకున్నాడు. అమ్మ కుండ పగలగొట్టింది. గడియలో ఇసుక ఇంకా జారుతూనే ఉంది. ఖాసింబీ వదినను కావలించుకుని, కడుపు నొక్కుకుంటుందేమోనని మళ్లీ వదిలేసింది. నా సంతకం ఒక్కటే మిగిలింది.

నమోదు 6

అచ్చుకు పోయే ప్రతి నా బల్ల మీద పెట్టారు. మూడు దీపాలను రెండు చేశారు. నాలుగో పేజీలో ఒక కొత్త వాక్యం చేర్చారు.

‘రాక్షసుడికి చదువు రాదు.’

ఒక్క అక్షరానికి చోటు లేదన్న పుస్తకంలో ఈ వాక్యానికి చోటు దొరికింది. పేజీ పెరగలేదు. ధర పెరగలేదు. అధ్యక్షులవారి బొమ్మ కూడా చెక్కు చెదరలేదు. అన్నం పెట్టిన మనిషి తెలివిగా ఒక దారి కనుక్కుంటే, రాత్రికి రాత్రి ఆ దారిని వెతికి మరీ పూడ్చారు. అంటే ఇన్నేళ్లూ తెలియక చేశారని కూడా అనుకోవడానికి వీల్లేదు.

నేను ప్రతిని పట్టుకుని వెళ్లాను. సుభాషిణి గారు నా ముఖం చూసి తలుపు వేయించారు.

“మీ బల్ల ఫలితం మేం ముట్టుకోలేదు. గెలిచారు, దిగుతారు. మీ వదిన కోసం నేనే పట్టుబట్టాను. నువ్వు సంతకం పెట్టు.”

“పెట్టకపోతే?”

“పరీక్ష పూర్తికానట్టు. మీ బల్ల వేరే పుస్తకంతో మళ్లీ ఆడుతుంది.”

వేరే పుస్తకం అంటే వేరే ఆకు.

“మిగతా బల్లలు ఏం చేయాలి మేడం? రాక్షసుడికీ రాదు, వాళ్లకూ రాదు.”

“అందరి బరువూ నువ్వొక్కదానివే మొయ్యాలని ఎవరన్నారు?” ఆవిడ గొంతు నిజంగానే మెత్తగా ఉంది. “సంతకం పెట్టి, చాటింపులో జనానికి నీ మదింపు చదివి, మూతలో హాయిగా మీ వాళ్ల దగ్గర ఉండు. ఎల్లుండి చాటింపు.”

నమోదు 7

ఇంట్లో చెప్పాను. పుస్తకంలో ఏముందో కాదు, సంతకం పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో చెప్పాను.

అమ్మ ఏదో అనబోయింది. వదిన ముందే మాట్లాడింది.

“సంతకం పెట్టు. నాకు కింద చోటు కావాల. సిగ్గు లేకుండా చెప్తాండా, కావాల.”

“మిగతావాళ్ల సంగతి వదినా?”

“వాళ్లకేం చేస్తావో అది నీ చదువు. దాన్ని నా కడుపు మీద పెట్టాకు.” విసనకర్ర అందుకుని, “నువ్వు గమ్మునుంటావని నేనేం అనుకోల్యా,” అంది.

పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టాను. మా ఆరిళ్ల పేర్లూ దిగుడు పలక మీదకు ఎక్కాయి. తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని మదింపు రాశాను. చాటింపుకు ముందే దాన్ని చూపించమని ఎవరూ అడగరు. ఏటా ఒకటే మాట కాబట్టి. ‘పుస్తకం బాగున్నది, ఆడదగినది.’

శాఖలో పనిచేసే మనిషి పుస్తకం గుట్టు విప్పితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నాకిచ్చిన కింది చోటు పోతుంది. మూతలో నేను ఎక్కడ ఉంటానో తెలిసే రాశాను.

నమోదు 8

చాటింపు పెద్దబాటలో జరిగింది. మీదంతస్తు మొత్తం వచ్చింది. చదవలేని జనానికి మదింపును నోటితో వినిపించాలన్నది పలుకుపెట్టెలు ఆగిన నాటి నుంచీ ఉన్న ఆచారం. మదింపు చేసిన మనిషి పూర్తిగా చదవాలి, మధ్యలో ఎవరూ ఆపకూడదు. సుభాషిణి గారు మెట్టు మీద నిలబడి నావైపు చూసి నవ్వారు.

చదివాను.

“‘చెరలో ఏరు’. ఎనిమిది పేజీలు, రెండు బిళ్లలు. కథ బాగుంది. రాక్షసుడు బాగున్నాడు. నడపడం తేలిక. మూడో గడప దగ్గర మీ చేతికి ఒక కాగితం ఇస్తారు. అది అలంకారం కాదు. అది తలుపు తెరిచే దారి. అందులో ఇలా ఉంది: పిడి ముట్టకండి, తలుపుకు వీపు ఆనించి కూర్చోండి. ముట్టుకుంటే చస్తారు, పాచిక వేయనివ్వరు. దీన్ని మీకు చదివి వినిపించకూడదని ఆరో పేజీలో రాశారు. రాక్షసుడి చేత కూడా చదివించకూడదని నాలుగో పేజీలో చేర్చారు. ఆడదగినదా అంటే, అందరికీ వినిపించేట్టు చదివితే ఆడదగినది. ఇప్పుడు చదివాను కాబట్టి ఆడదగినది. ప్రతి ఏటి పుస్తకంలోనూ ఇట్లాంటి కాగితం ఉంది. అన్నీ చూశాను.”

సుభాషిణి గారి నవ్వు ఎప్పుడు ఆగిందో చూడలేదు. ఆవిడ నన్ను దిగమని సైగ చేస్తున్నారు.

అప్పుడు ముందు వరుసలోంచి పీరప్ప అనే ముసలాయన లేచాడు. బండలు మోసే మనిషి. నేలబొగ్గు వీధి బల్లలో పోయినేడు ఆడిన నలుగురిలో ఈయన ఒకరు. ఆ ఏటి కథలో తాళంచెవుల గుత్తి ఒకటి దొరుకుతుంది. ఈయన బల్లవాళ్లు తలుపు దగ్గర నిలబడి, ఇసుక మొత్తం అయిపోయేదాకా ఒక్కొక్క చెవీ పెట్టి తిప్పి చూశారట. ఆ మూతలో ఈయన భార్య మీదంతస్తులోనే పోయింది.

“పోయినేటి కాగితంలో ఏముండాది తల్లీ? అది గూడా సదువు.”

పోయినేటి పుస్తకం నా చేతిలో లేదు. అవసరం కూడా లేదు. కొట్టుగదిలో ఒకసారి చదివాక మరిచిపోవడం నావల్ల కాలేదు.

“తలుపుకు తాళం లేదు,” అన్నాను. “నెట్టండి.”

ఆయన అరచెయ్యి ముందుకు చాపి, ఎదురుగా ఉన్న గాలిని ఒకసారి నెట్టాడు. చెయ్యి దించలేదు.

సుభాషిణి గారు నా పేరు గట్టిగా పిలిచారు. వెనక వరుసల్లోంచి ఎవరో ఆడమనిషి అంతకంటే గట్టిగా అడిగింది. “దాని ముందేటిది?”

చెప్పాను.